గీటురాయి మీద మెమరీ

మా నాయన పాండురంగకు ఎవరి మాట మీదా నమ్మకం లేదు. ధర్మవరంలో వాళ్ళ నాయన పెట్టిన పట్టుచీరల అంగడిని ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాడు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూస్తాడు. పురోహితుడు ముహూర్తం పెడితే ఇంకో పంచాంగం తెప్పిస్తాడు. నేను పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి ఆడపిల్ల అని చెబితే, లోపలికి వెళ్ళి చూసుకున్నాకే చక్కెర పంచాడట.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. తొంభై ఒకటిలో ఎవడో జరీ వ్యాపారి మంచి జరీ అని చెప్పి ఉత్త రాగి జరీ అంటగట్టాడు. ఆరు నెలలకు ఆ చీరల అంచులన్నీ నల్లబడ్డాయి. కొన్న ఒక్కొక్క ఇంటికీ నాయనే వెళ్ళి, తప్పయిందని చెప్పి, వేరే చీర చేతిలో పెట్టి వచ్చాడు. ఆ తిరుగుడులోనే ఆయన జుట్టు నెరిసింది. అప్పటినుంచి అంగడికి జరీ రీలు వస్తే ముందు గీటురాయి మీద ఎక్కాల్సిందే. సావుకారు నవ్వు వచ్చినా గీటురాయి మీద గీసుకున్నాకే నవ్వుతాడని అంగట్లో పనిచేసేవాళ్ళు చాటుగా అంటారు.

అలాంటి మనిషికి నేను ల్యాప్‌టాప్ మెమరీ కొనుక్కొచ్చే పని అప్పజెప్పాను. 2005లో జరిగిన ముచ్చట ఇది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఆ రోజు మాత్రం రాలేదు.

ఆ ల్యాప్‌టాప్ బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసింది. ఇటుకంత బరువు, మూత తెరిస్తే కీచుమనేది. చీరల డిజైన్లు వేసే సాఫ్ట్‌వేరు అందులోనే ఉండేది, ఇంకో కంప్యూటర్లో పెడితే నడవదు. నాయన దాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, డబ్బా అనేవాడు. దాన్ని ఇంట్లోకి తెచ్చింది నేను కాబట్టి, దాని తప్పులన్నీ నా ఖాతాలోకే వచ్చేవి. కరెంటు పోయినా "నీ డబ్బా వల్లే" అనేవాడు.

అందులో హనుమప్ప తాత డిజైన్ ఉంది. అసలు గొడవంతా దాని గురించే.

హనుమప్ప తాత మా అంగడికి నలభై ఏళ్ళు డిజైన్లు రాసినవాడు. రాయడమంటే గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపడం. కాగితం మీద గడి ఎట్లా ఉంటే చీరలో పోగు అట్లా పడుతుంది. ఒక్క గడి తప్పితే ఆ తప్పు ప్రతి చీరలోనూ నేస్తారు. తాతది బుక్కపట్నం. తన ఊరి చెరువును చీర కొంగు మీదికి తేవాలని ఆయన కోరిక. కింద అలలు, అలల్లో చేపలు, పైన వరసలుగా కొంగలు. "కొంగు మీద కొంగలు లేకుంటే ఇంగ యాడుంటాయి?" అని ఆ మాట వెయ్యిసార్లు అని వెయ్యిసార్లూ తనే నవ్వేవాడు.

మొత్తం నలభై రెండు కాగితాల డిజైన్. ముప్పై ఎనిమిది కాగితాలు పూర్తయ్యేసరికి చక్కెర జబ్బు ఆయన కళ్ళ మీదికి వచ్చింది. మిగిలిన నాలుగూ ఆయన చెబుతుంటే నేను నింపాను. అప్పటికే ఆయనకు ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది గానీ, ఎవరో గొంతు వింటే తప్ప తెలిసేది కాదు. చివరి గడి నింపి "అయిపాయ తాతా" అన్నప్పుడు ఆయన కాగితం మీద చెయ్యి పెట్టి తడిమి, "అయిందంటావా?" అని అడిగాడు. ఇరవై నెలలు కూర్చుని రాసుకున్నదాన్ని తనే చూసుకోలేకపోయాడు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. నలభై రెండు ముక్కలనూ కలిపి ఒకే డిజైన్‌గా ఇస్తేనే అట్టలు కొట్టే మిషను వాళ్ళు తీసుకుంటారు. మగ్గం పైన దండల్లాగా వేలాడే చిల్లుల అట్టలు లేనిదే డిజైన్ చీరలోకి దిగదు. ఇరవై కాగితాల దాకా బాగానే కలిసేవి. ఇరవై ఒకటోది కలపగానే తెర మీద ఇసుక గడియారం వచ్చి కూర్చునేది. నేను వంట చేసి, భోంచేసి, గిన్నెలు తోమి వచ్చినా అది లేచేది కాదు, పిలవని చుట్టం మాదిరి.

నాయన రెండు నెలలు ఓపిక పట్టాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర తేల్చేశాడు.

"పాపా, మన మగ్గం నేసే నరసింహులు ఇప్పుడు నేస్తా ఉండే చీరలు అయిపోయి, శుక్రవారం మధ్యాహ్నానికి వార్పు దించుతాడు. ఈ పెండ్లిండ్ల కాలంలో మగ్గం ఒక్క పూట కూడా ఖాళీ ఉండకూడదు. అప్పటికి నీ కొంగలు వస్తే కొంగలు. రాలేదంటే బెంగుళూరు నెమలి."

ఆ నెమలి అప్పటికే ఊళ్ళో సగం మగ్గాల మీద ఉంది. బెంగుళూరు నుంచి సీడీలో వచ్చిన నెమలి, ఎవరు నేసినా అదే నెమలి. ఒకసారి ఆ అట్టలు ఎక్కితే ఏడాది దాకా దించరు. ఏడాదికి తాత కళ్ళలో ఆ మిగిలిన కాస్త వెలుగు ఉంటుందో లేదో డాక్టరు కూడా చెప్పలేదు. నేను అన్నం సగంలో వదిలేసి లేచాను.

హిందూపురంలో కిషోర్ అని, నాతోపాటు కంప్యూటర్ కోర్సు చదివినవాడు అంగడి పెట్టుకున్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఫోన్ చేసి నా బాధ చెప్పాను.

"అక్కా, దాంట్లో మెమరీ శానా తక్కువ ఉండాది. నూట ఇరవై ఎనిమిది యాడ చాల్తాది? తీసేసి ఐదువందల పన్నెండుది వేసుకో. పరిగెత్తుతాది" అన్నాడు.

పరిగెత్తకపోయినా ఫర్వాలేదు, లేచి నిలబడితే చాలని నాయన దగ్గరికి వెళ్ళాను.

"మెమరీ అంటే ఏమి, జ్ఞాపకమే కదా. జ్ఞాపకం తక్కువైతే సరస్వతాకు నూరి పొయ్యి" అన్నాడు ఆయన కళ్ళద్దాల మీదుగా చూస్తూ.

ఈయనకు ఈయన భాషలోనే చెప్పాలనుకున్నాను. "నాయనా, మన బీరువాల్లో ఎన్ని చీరలుండాయి?"

"ఎనిమిదొందలు."

"ఒక్కసారి పరుపు మీద ఎన్ని పరిచి చూపిస్తావు?"

"ఇరవై. అంతకు మించితే పరుపు చాలదు. ఆడోళ్ళు కూచునేకి చోటు ఉండద్దా?"

"ఈ డబ్బాది కూడా అదే కథ. బీరువా పెద్దదే, పరుపు చిన్నది. నలభై రెండు కాగితాలు ఒక్కసారి పరచమంటే యాడ పరుస్తాది? ఆ పరుపునే మెమరీ అంటారు."

నాయన కళ్ళద్దాలు తీశాడు. ఆయనకు విషయం ఎక్కిందన్న గుర్తు అది. "ఈ మాట మొదలే చెప్పక, ఇంగ్లీషులో గొణుగుతా ఉంటే నాకెట్ల తెలుస్తాది? సరే, ఎంత పరుపు కావాల?"

"ఐదువందల పన్నెండు."

"ఐదువందలకు పన్నెండు కొసరా?"

కాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. కొసరు అంటే ఆయన కొనేలా ఉన్నాడు.

"ఇప్పుడుండేది ఎంత?"

"నూట ఇరవై ఎనిమిది."

"నూటికి ఇరవై ఎనిమిది కొసరు ఇచ్చినోళ్ళు ఐదువందలకు పన్నెండేనా ఇచ్చేది?" అని ముఖం మాడ్చుకున్నాడు. "నేనే పోతా. మంగళవారం ఎట్లాగూ పట్టు కోసం హిందూపురం పోయే పనుండాది. బేరం నేను చూసుకుంటా. నువ్వు చీటీ రాసియ్యి."

చీటీ మీద 'మెమరీ 512, ఒకటి' అని రాసిచ్చాను. ఆ చీటీలో ల్యాప్‌టాప్ అనే ఒక్క మాట రాయలేదు. తప్పులో మొదటి వాటా నాదే, దాచుకోను.

మంగళవారం సాయంత్రం నాయన పాసింజరు దిగి యుద్ధం గెలిచినవాడిలా అంగట్లోకి వచ్చాడు. అప్పుడే జీతం కోసం వచ్చిన నరసింహులు, హనుమప్ప తాత పరుపు మీద కూర్చుని ఉన్నారు.

"చిప్పు తెచ్చినావా నాయనా?" అని ఎదురెళ్ళాను.

"నీ చేతికి చిప్ప రాకుండా చూసి చిప్పు తెచ్చినా" అని సంచిలోంచి పొట్లం తీశాడు. "కిషోర్ లేడు, బ్యాంకుకు పోయినాడంట. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ కూచోనుండె. చీటీ చూపిస్తే రెండు రకాలు బయట పెట్టింది. ఒకటి బెత్తెడు, ఇంగొకటి దానికి రెండింతలు. ధర రెండిటికీ ఒకటే! ఆయమ్మకు యాపారం తెలీదు పాపం. నేను కిమ్మనకుండా పొడుగుది తీసుకోనొచ్చినా."

పొట్లం విప్పాను. బల్ల మీద పెట్టుకునే పెద్ద కంప్యూటర్లకు వేసే మెమరీ అది. నా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సందు బెత్తెడే.

"నాయనా, ఇది పట్టదు."

"పట్టదంటే? పొడుగు ఎక్కువైతే నష్టమా? చీర ఐదున్నర గజాలు అడిగినోళ్ళకు ఆరు గజాలు ఇస్తే వద్దంటారా?"

నరసింహులు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మగ్గం దగ్గర ఏ కర్ర విరిగినా తనే చెక్కుకునే మనిషి. "మధ్యకు కోస్తే రెండవుతాయి కదమ్మా. ఒకటి ఇప్పుడు ఏసుకో, ఇంగొకటి దాచిపెట్టుకో" అన్నాడు. నాయన అందుకు తలూపాడు కూడా. నేను ఆ పొట్లం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. లేకపోతే ఆ రాత్రికే దాన్ని రంపం కింద పెట్టేవాళ్ళు.

బుధవారం ఫోన్ చేస్తే కిషోర్ బెంగుళూరు పోయాడన్నారు. ఇక మిగిలింది గురువారం ఒక్కటే. నేను వెళ్తానంటే నాయన ఒప్పుకోలేదు. కొన్న సరుకు మార్చుకునే బేరం నాకు చేతకాదట. ఈసారి చీటీలో ల్యాప్‌టాప్ అని మూడుసార్లు రాసి, కింద గీత గీసి, పొట్టిది అని కూడా రాశాను. రాత్రికి తిరిగొచ్చిన కిషోర్‌కు ఫోన్ చేసి అంగడి వదిలి కదలొద్దని ఒట్టు వేయించుకున్నాను.

మధ్యాహ్నం కిషోర్ ఫోన్ చేశాడు. "అక్కా, మార్చి ఇచ్చినా. అంకుల్ ముందరే ఇంగొక ల్యాప్‌టాప్‌లో ఏసి చూపించినా, నడిచింది. దుడ్లు కూడా ఏమీ ఎక్కువ తీసుకోలేదు. అంకుల్ శానా ప్రశ్నలు అడిగినాడు. చిప్పు అంచున దువ్వెన పండ్ల మాదిరి పచ్చగా ఉండేవి ఏమి అంటే బంగారం పూత అని చెప్పినా."

నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు.

నాలుగింటికి రావాల్సిన మనిషి ఏడింటికి వచ్చాడు. బండి లేటు అన్నాడు. అడగకుండానే రెండోసారి కూడా బండి లేటు అన్నాడు. కాళ్ళు కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీశాడు. మా నాయన కూనిరాగం తీయడం నేను అంతకుముందు వినలేదు. నేను పొట్లం అందుకోబోతే, "పొద్దున ఏసుకుందువులే, రేపు పదిన్నర దాకా రాహుకాలం లేదు" అని తన జేబులోనే ఉంచుకున్నాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి అంగట్లో కూర్చున్నాం. నాయన, నేను, హనుమప్ప తాత. తాతను నేనే రమ్మన్నాను.

వేసేముందు ఏదన్నా ఇనుపదాన్ని ముట్టుకోమని కిషోర్ చెప్పాడు. ఒంట్లో చిన్న కరెంటు ఉంటుంది, అది చిప్పుకు తగిలితే చెడిపోతుంది. పట్టుచీరలు మడిచే చేతుల్లో అది ఇంకా ఎక్కువ. ఈ మాట వినగానే నాయన తన ఇనప్పెట్టెను రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తాత చేత కూడా ముట్టించాడు. వీధిలో పోతున్న పూలమ్మాయిని కూడా పిలిచేవాడే, నేను ఆపాను.

ల్యాప్‌టాప్ బోర్లించి, బ్యాటరీ తీసి, కళ్ళద్దాలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు మూత విప్పాను. రెండు పక్కలా ఉన్న కొక్కేలు జరిపితే పాత మెమరీ దానంతటదే పైకి లేచింది. కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాను. టిక్‌మని కూర్చుంది. ఆ చప్పుడు విని తాత "పడింది" అన్నాడు. మగ్గం చప్పుళ్ళు విని విని ఆయనకు ఏది సరిగ్గా పడిందో చెవులే చెప్పేవి.

బటన్ నొక్కాను. తెర నల్లగా ఉంది. లోపలినుంచి కీ, కీ, కీ అని మూడు కూతలు వచ్చాయి. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ మూడు కూతలు. తీసి మళ్ళీ పెట్టాను. పాతది పెడితే మామూలుగా లేచింది, కొత్తది పెడితే కూతలే.

కిషోర్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం వాడు అంతా విని, "అక్కా, నిన్న నా కండ్ల ముందర నడిచింది. దారిలో ఏమన్నా చేసినారా దాన్ని?" అన్నాడు.

నాయన వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు.

ఈలోగా హనుమప్ప తాత చెయ్యి చాపి ఆ చిప్పు ఇమ్మన్నాడు. కంటికి ఆనదు కాబట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి వాసన చూసి, వేలితో తడిమి, మళ్ళీ వాసన చూశాడు.

"సావుకారీ, దీనికి కొబ్బరినూనె వాసన ఏంటికి వస్తాండాది?"

నేనూ అందుకుని వాసన చూశాను.

"నాయనా" అన్నాను.

"ఒక్క గీటే పాపా" అన్నాడు నాయన.

"ఏమి గీటు?"

"పెనుకొండలో దిగినా. శ్రీరాములు ఆచారి ఉండాడు కదా, బంగారం పనిచేసే ఆయప్ప. గీటురాయి మీద ఒక్క గీటు గీయించినా." ఆగి, నా ముఖం చూసి, మిగిలింది కూడా చెప్పేశాడు. "రెండు. ఇటుపక్క ఒకటి, అటుపక్క ఒకటి. బంగారం పూత అని చెప్పి ఇత్తడి అంటగట్టేవాళ్ళు ఉండరా? కానీ మోసం లేదు పాపా! ఆచారి గట్టిగా చెప్పినాడు. పలచగానే గానీ, బంగారమే!"

నిన్నటి కూనిరాగం ఇదన్నమాట. గీటు స్పష్టంగా కనబడాలని ఆచారి రాయికి కొబ్బరినూనె రాస్తాడు. ఆ నూనె, ఆ రాతి నలుసు అన్నీ కలిసి చిప్పు పళ్ళ మీద నల్లగా పేరుకున్నాయి. నేను హడావిడిలో చూసుకోలేదు.

నాకు ఏడుపు వచ్చింది. కోపం దాన్ని తోసుకుని ముందు వచ్చింది. "పద్నాలుగేండ్ల కింద ఎవడో నిన్ను మోసం చేసినాడని ఊర్లో వాళ్ళందరినీ దొంగల మాదిరి చూస్తావు. కిషోర్ నీ ముందరే ఏసి చూపించినాడు. అయినా నమ్మలే. బంగారమా కాదా అని ఎవరు అడిగినారు నిన్ను? అది తాళిబొట్టా? ఇంగ మూడు గంటల్లో నరసింహులు వస్తాడు. పో, నీ నెమలిని తెచ్చుకో!"

మా నాయన మీద నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆయన పరుపు మీద ఉన్న చీర మడతను సర్దాడు, సర్దిన మడతనే మళ్ళీ సర్దాడు.

"నీ మొదటి సరుకు కదా పాపా" అన్నాడు చివరికి. "నువ్వు ఇది కావాలని నోరు తెరిచి అడిగింది ఇదే. నన్ను ముంచినట్ల నిన్ను ముంచకూడదని చూసినా. అంతే."

కోపం పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక నిలబడ్డాను.

"ఇద్దరూ అరుసుకునేది అయిపోయిందా?" అన్నాడు తాత. చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక రబ్బరు ముక్క తీశాడు. అంచులు అరిగి చింతగింజలా గుండ్రబడిన పెన్సిలు రబ్బరు. గ్రాఫు మీద తప్పు గడులు తుడిచేది. కళ్ళు పోయాక గ్రాఫు ముట్టలేదు గానీ రబ్బరు మాత్రం రోజూ మార్చే చొక్కా జేబులోకి మారుతూనే ఉందన్నమాట. "నల్లమరక రబ్బరుకు పోకుంటే ఇంగ దేనికి పోతాది? పట్టుకో గట్టిగా."

నేను చిప్పును అంచుల దగ్గర పట్టుకున్నాను. తాత బొటనవేలితో ఒక్కొక్క పన్ను ఎక్కడుందో వెతుక్కుంటూ మెల్లగా రుద్దాడు. ఒత్తిడి ఎక్కడా ఎక్కువ కాలేదు. నలభై ఏళ్ళు కాగితం చిరగకుండా గడి చెరిపిన చెయ్యి అది. నల్లటి తురుము రాలింది. కిందనుంచి పచ్చటి మెరుపు బయటపడింది. రెండు పక్కలా రెండేసి పళ్ళ మీద సన్నటి గీత ఉంది, శ్రీరాములు ఆచారి సంతకం. అయినా పూత పూర్తిగా లేచిపోలేదు.

ఇనప్పెట్టెను మళ్ళీ ముట్టుకున్నాను. ఈసారి నేను కూడా కళ్ళకద్దుకున్నాను. చిప్పు పెట్టి, నొక్కి, బటన్ వేశాను.

కూత లేదు. తెర తెల్లబడింది. మూలన అంకెలు గబగబా పెరిగి 524288 దగ్గర ఆగాయి. ఐదువందల పన్నెండునే డబ్బా ఇంకా చిన్న కొలతలో చెబుతోంది.

"ఐదు లక్షల ఇరవై నాలుగు వేల..." అని నాయన చదివి, ఊపిరి వదిలాడు. "కొసరు ఎక్కడికీ పోలే."

కాగితాలు కలపడం మొదలుపెట్టాను. ఇరవై. ఇరవై ఒకటి. ఇసుక గడియారం వచ్చింది. ముగ్గురం కదల్లేదు. అది ఒక్క నిమిషం ఉండి వెళ్ళిపోయింది. ఇరవై రెండు, ముప్పై, నలభై. పదకొండు దాటింది, రాహుకాలం వచ్చిందని నాయన కూడా అనలేదు. నలభై రెండో కాగితం కలిసేసరికి బుక్కపట్నం చెరువు మొత్తం తెర మీద ఉంది. అలలు, చేపలు, మూడు వరసల కొంగలు.

"తాతా, ఇట్ల రా" అని ఆయన్ను తెర ముందు కూర్చోబెట్టాను. అంత దూరంనుంచి ఆయనకు ఏదో తెల్లటి మసక తప్ప కనబడలేదు. పై వరసలో ఒక కొంగను పట్టి పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. పాత మెమరీతో ఇది చేస్తే డబ్బా ఆ పూటకి పడుకునేది. ఇప్పుడు ఒక్క కొంగ తెరంతా నిండింది. ఒక్కో గడి రూపాయి బిళ్ళంత ఉంది.

తాత ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగాడు. వేలు పెట్టి గడులు లెక్క పెట్టుకుంటూ పోయాడు. రెక్క, మెడ, ఎత్తిన కాలు.

"ఇది నాదే" అన్నాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నేను వేరే వైపు చూశాను. నాయన కూడా చూశాడు.

కాసేపటికి తాత వేలు ఒక చోట ఆగిపోయింది. "రూపమ్మా, ఈ కొంగకు మీసం ఏంది?"

చూశాను. ముక్కు కింద ఒక నల్లటి గడి ఉంది. అది నలభయ్యో కాగితం. నేను నింపిన నాలుగింట్లో ఒకటి. కళ్ళున్న నేను పదిసార్లు సరిచూసి పట్టుకోలేని తప్పు. అది అట్లాగే అట్టలకు పోయి ఉంటే ప్రతి చీర కొంగు మీదా మీసాల కొంగ వాలేది.

నేను తప్పు ఒప్పుకునేలోపే తాత జేబులోంచి రబ్బరు తీసి, ఎడమచేత్తో ల్యాప్‌టాప్ మూతను ఆనించి పట్టుకుని, తెర మీదే ఆ గడిని రుద్దడం మొదలుపెట్టాడు. నాయన ఆపడానికి నోరు తెరిచాడు. నేను వద్దని తల ఊపాను. నా చెయ్యి మౌస్ మీద ఉంది. తాత మూడోసారి రుద్దినప్పుడు ఆ గడి మీద నొక్కి తీసేశాను.

తాత చెయ్యి తీసి, తెర మీద తురుమును ఉఫ్‌మని ఊదాడు. మళ్ళీ వంగి చూశాడు.

"పోయింది" అన్నాడు. "రబ్బరు మంచిదైతే యాడైనా పనిచేస్తాది."

ఒక్కొక్క కొంగనూ, ఒక్కొక్క చేపనూ పెద్దది చేసి చూపించాను. ఇంకెక్కడా ఆయన వేలు ఆగలేదు. చివరి అల కూడా అయ్యాక రబ్బరు జేబులో పెట్టుకుని, "ఇంగ తప్పుల్లేవు సావుకారీ" అన్నాడు.

అదే సమయానికి నరసింహులు వార్పు దించి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "సావుకారీ, నెమలి అట్టలు తీసుకోని పోయేదా?"

"నెమలి వద్దు. కొంగలు. రేపు పొద్దున్నే అట్టలు వస్తాయి. ఈ ఒక్క పూట మగ్గం ఖాళీ ఉంటే ఉండనీలే" అన్నాడు నాయన.

నరసింహులు తెర వైపు చూసి గొంతు తగ్గించాడు. మా అంగట్లో కొత్త డిజైన్ ఏదైనా ఇద్దరు మనుషులు గడి గడికీ సరిచూడనిదే అట్టలకు పోదని వాడికి తెలుసు. "మామూలుగా ఎవరికన్నా ఇంగొకసారి చూపిస్తారు కదా. చూపించొద్దా?"

మా నాయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"హనుమప్ప చూసినాడు కదప్పా" అన్నాడు.